క్రోటన్ పాత అక్విడక్ట్ వెంట బృందంగా ఒకరోజు నడక: రైలులో వెళ్లి రావడానికి మార్గదర్శి

న్యూయార్క్ నగరానికి ఉత్తరాన, హడ్సన్ నది తూర్పు ఒడ్డుకు ఎగువన, ఊళ్ల వెనుక నుంచి చెట్ల నీడలో సాగిపోయే మట్టిబాట ఒకటి ఉంది. దాని మీద నడిచేవారి పాదాల కింద 1842లో నగరానికి మంచినీళ్లు తెచ్చిన ఇటుక సొరంగం నేటికీ నిలిచి ఉంది, దాన్నే క్రోటన్ పాత అక్విడక్ట్ (నీటిని మోసుకెళ్లే కట్టడం) అంటారు. న్యూజెర్సీలోనూ న్యూయార్క్ చుట్టుపక్కలా ఉంటున్న తెలుగు కుటుంబాలకు, ముఖ్యంగా వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, అందరూ కలిసి నడవడానికి ఇంతకంటే అనువైన చారిత్రక స్థలం ఆ చుట్టుపక్కల లేదని నా నమ్మకం. కొండలెక్కే దారులు పెద్దవాళ్ల మోకాళ్లకు పడవు, నగరంలోని పార్కులు కాసేపటికే అయిపోతాయి. ఈ బాట మాత్రం నీటి కోసం వేసింది కనుక దాదాపు సమతలంగా ఉంటుంది, దిగువన రైలు పట్టాలు వెన్నంటి వస్తుంటాయి కనుక ఎవరు ఎక్కడ అలిసిపోయినా దగ్గరలో ఒక స్టేషను దొరుకుతుంది. నడకను ఎలా ఏర్పాటు చేసుకోవాలన్నది ఈ రెండు విషయాల మీదే ఆధారపడి ఉంది.

ముందు ఆ సొరంగం సంగతి తెలుసుకుంటే దారిలో కనబడే ప్రతి రాతికీ అర్థం తెలుస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో మంచినీటి బావులు మురికిపట్టి పోయాయి. 1832లో వచ్చిన కలరా సుమారు 3,500 మందిని బలిగొంది. నగరానికి ఉత్తరాన ఉన్న క్రోటన్ నది నుంచి నీళ్లు తేవాలన్న ప్రతిపాదనకు 1835 ఏప్రిల్‌లో ఓటర్లు ఒప్పుకున్నారు. అదే సంవత్సరం డిసెంబరులో గడ్డకట్టే చలిలో మంటలు చెలరేగి, ఆర్పడానికి చాలినంత నీరు అందక, వందల భవనాలు బూడిదైపోవడంతో ఆ పని ఎంత అవసరమో అందరికీ తెలిసివచ్చింది. మొదట డేవిడ్ బేట్స్ డగ్లస్, ఆయన తరువాత జాన్ జర్విస్ ప్రధాన ఇంజనీర్లుగా పనిచేశారు. 1837లో మొదలైన నిర్మాణం అయిదేళ్లలో ముగిసింది. తవ్వకాల్లోనూ రాతిపనిలోనూ చెమటోడ్చినవాళ్లలో అత్యధికులు ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కూలీలు.

సొరంగం పొడవు 41 మైళ్లు, అంటే సుమారు 66 కిలోమీటర్లు. ఎత్తు సుమారు ఎనిమిదిన్నర అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. ఎక్కడా పంపు లేదు, ఆవిరి యంత్రం లేదు. మైలుకు సుమారు 13 అంగుళాల వాలు మాత్రమే ఇచ్చి, కొండ అడ్డొస్తే తొలిచి, లోయ అడ్డొస్తే రాతి కట్ట కట్టి, నీటిని దాని బరువు మీదే నగరం దాకా నడిపించారు. ఆ లెక్కన మీరు పది కిలోమీటర్లు నడిచినా బాట మీద దిగేది మనిషి ఎత్తు కంటే కాస్త ఎక్కువ, అంతే. 1842 జూన్ 22న మొదటి నీటిని వదిలినప్పుడు అది నగరం చేరడానికి 22 గంటలు పట్టింది. సగటున గంటకు మూడు కిలోమీటర్లు. పిల్లలూ పెద్దలూ కలిసిన బృందం ఆగుతూ, మాట్లాడుకుంటూ నడిచే వేగం కూడా దాదాపు అంతే, అందుకే సమయం లెక్కించేటప్పుడు నేను ఈ అంకెనే తీసుకోమంటాను.

గోదావరి జిల్లాలవారికి ఇందులో కొత్త ఏమీ ఉండదు. ఈ సొరంగం పూర్తయిన అయిదేళ్లకే, 1847లో, ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది. ఆ తరువాత కొద్దికాలంలోనే గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కాలువను దాటించి కోనసీమ పొలాలకు నీళ్లిచ్చిన అక్విడక్ట్ లేచింది. కాలువ వాలును కొలిచి నీటిని తీసుకుపోయే ఆ విద్య మన పెద్దవాళ్లలో చాలామంది కళ్లారా చూసినదే. మీ బృందంలో కాలువల కింద వ్యవసాయం చేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఆయనను పిల్లల పక్కన నడవనివ్వండి. మైలుకు 13 అంగుళాల వాలు అంటే ఏమిటో ఆయన కంటే బాగా చెప్పగలవారు ఉండరు.

ఏ దిక్కున, ఎంత దూరం

ఉత్తరాన టారీటౌన్ దగ్గర మొదలుపెట్టి, నీరు ప్రవహించిన దిశలోనే దక్షిణానికి నడవండి. ఇలా నడిస్తే సాయంత్రానికి నగరానికి దగ్గరవుతారు, తిరుగు రైలు ప్రయాణం తగ్గుతుంది. టారీటౌన్ నుంచి ఇర్వింగ్టన్, డాబ్స్ ఫెర్రీ మీదుగా హేస్టింగ్స్ దాకా సుమారు పదకొండు కిలోమీటర్లు. గ్రేస్టోన్ స్టేషను దాకా వెళ్తే పద్నాలుగు వరకూ అవుతుంది. ఇవి రైలు నుంచి బాట దాకా ఎక్కే దిగే దూరాలతో కలిపి వేసుకున్న ఉజ్జాయింపు లెక్కలు. ఆగే సమయాలన్నీ కలుపుకుంటే హేస్టింగ్స్‌కు అయిదు గంటలు, గ్రేస్టోన్‌కు ఆరు గంటలకు పైన కేటాయించుకోవాలి.

బయలుదేరే ముందే ఒక విషయం అందరికీ చెప్పండి. బాట సమతలమే కానీ, స్టేషన్లన్నీ నది ఒడ్డున, నీటి మట్టానికి దగ్గరగా ఉంటాయి, బాట గట్టు మీద ఎత్తున ఉంటుంది. కనుక రైలు దిగగానే ఒక ఎక్కుడు, చివర ఒక దిగుడు తప్పవు. టారీటౌన్‌లో ఆ ఎక్కుడుకు తోడు, హైవే అడ్డం రావడం వల్ల, ఊరి నుంచి కొంతదూరం బ్రాడ్‌వే అనే పెద్ద రోడ్డు పక్కన సైడ్‌వాక్ మీద నడవాలి. వాహనాల రొద మధ్య సాగే ఆ భాగం పెద్దవాళ్లకూ చిన్నపిల్లలకూ అనవసరమైన శ్రమ. అందుకని బృందాన్ని రెండుగా చేయండి. నడవగలిగినవారు ముందు రైలులో టారీటౌన్ వెళ్లాలి, మిగతావారు గంటన్నర, రెండు గంటల తరువాతి రైలులో బయలుదేరి టారీటౌన్‌కు ముందే వచ్చే ఇర్వింగ్టన్‌లో దిగాలి. ఇర్వింగ్టన్ స్టేషను నుంచి మెయిన్ స్ట్రీట్ నేరుగా పైకి పోతుంది, బాట ఆ వీధిని అడ్డంగా దాటుతుంది, రెండు జట్లూ అక్కడే కలుసుకోవచ్చు. ఆ వీధిలో కాఫీ తాగడానికీ కూర్చోవడానికీ చోట్లు ఉన్నాయి కనుక ఎవరు ముందు వచ్చినా ఇబ్బంది పడరు.

రైలు ఏర్పాట్లు

మెట్రో-నార్త్ సంస్థవారి హడ్సన్ లైన్ రైళ్లు మన్‌హాటన్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషను నుంచి బయలుదేరుతాయి. శని, ఆదివారాల్లో రోజంతా ఆఫ్‌పీక్ ధరే, అంటే రద్దీ లేని వేళల తక్కువ ధరే, ఉంటుంది. అన్ని రైళ్లూ అన్ని స్టేషన్లలో ఆగవు, చిన్న స్టేషన్లలో ఆగేవి వారాంతాల్లో సాధారణంగా గంటకొకటి మాత్రమే ఉంటాయి. కాబట్టి వెళ్లే రైలు కంటే తిరిగొచ్చే రైళ్ల వేళలు రాసుకోవడం ముఖ్యం. ఇర్వింగ్టన్, డాబ్స్ ఫెర్రీ, హేస్టింగ్స్, గ్రేస్టోన్ నాలుగింటి నుంచీ మధ్యాహ్నం తరువాత ఏ ఏ నిమిషానికి రైలు ఉందో ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి బృందం వాట్సాప్‌లో పెట్టండి. టికెట్లు ట్రెయిన్‌టైమ్ యాప్‌లోనో స్టేషనులోని యంత్రంలోనో ముందే కొనాలి, రైలు ఎక్కాక కండక్టరు దగ్గర కొంటే ఎక్కువ పడుతుంది. దూరపు స్టేషనుకు కొన్న టికెట్టుతో దానికంటే దగ్గరి స్టేషను నుంచి తిరిగి రావచ్చు కనుక, ఎక్కడ ఆపేస్తామో తెలియని బృందం అంతా టారీటౌన్‌కే తీసుకోవడం మేలు.

కలుసుకునే చోటుగా గ్రాండ్ సెంట్రల్ లోపలి గడియారం చాలామందికి అలవాటు. నేను మాత్రం ఫిఫ్త్ అవెన్యూ, 42వ వీధి కూడలిలోని పబ్లిక్ లైబ్రరీ మెట్లను సూచిస్తాను. క్రోటన్ నీటిని నగరంలోకి పంచిన జలాశయం సరిగ్గా అక్కడే ఉండేది. ఎత్తైన రాతి గోడలతో కోటను తలపించే ఆ కట్టడం మీద జనం సాయంత్రాలు షికారు చేసేవారు. తరువాత దాన్ని పడగొట్టి లైబ్రరీ కట్టారు, పునాది రాళ్లు కొన్ని లోపల ఇప్పటికీ కనిపిస్తాయి. నడక మొదలయ్యే ముందే నీరు చేరిన చోటును పిల్లలకు చూపిస్తే, ఆ తరువాత పైనుంచి వస్తున్నప్పుడు ఎటు నడుస్తున్నారో వారికి స్పష్టంగా ఉంటుంది. న్యూజెర్సీ నుంచి బస్సులో పోర్ట్ అథారిటీకి వచ్చేవారు 42వ వీధి వెంట తిన్నగా నడిచి వస్తారు, పెన్ స్టేషనులో దిగేవారికి ఇరవై నిమిషాల నడక. అక్కడి నుంచి గ్రాండ్ సెంట్రల్ పది నిమిషాల దూరం కనుక రైలు వేళకు నలభై నిమిషాల ముందు అందరూ మెట్ల దగ్గర ఉండేటట్టు చెప్పండి.

రైలులో ఎడమవైపు కూర్చోండి, నది అటే ఉంటుంది. 125వ వీధి స్టేషను దాటాక రైలు హార్లెం నది ఒడ్డున పోతూ, యాంకీ స్టేడియం తరువాత కొద్దిసేపటికి హై బ్రిడ్జ్ కిందుగా వెళ్తుంది. 1848లో పూర్తయిన ఆ వంతెన క్రోటన్ నీటి గొట్టాలను నది మీదుగా మన్‌హాటన్‌కు దాటించడానికి కట్టినదే. నదిలో పడవలకు అడ్డమవుతున్నాయని 1920ల చివర మధ్యలోని రాతి తోరణాలు తీసేసి ఒకే ఉక్కు తోరణం పెట్టారు, రైలు వెళ్లే ఒడ్డున మాత్రం పాత రాతి తోరణాలు మిగిలే ఉన్నాయి. కిటికీలో అది కనిపించేది కొన్ని క్షణాలే, ముందే చెప్పి ఉంచకపోతే ఎవరూ చూడరు.

బాట మీద

టారీటౌన్ ఊరు దాటి లిండ్‌హర్స్ట్ ఎస్టేటులోకి అడుగుపెట్టగానే రోడ్డు రొద వెనకబడిపోతుంది. 1838లో అలెగ్జాండర్ జాక్సన్ డేవిస్ రూపకల్పన చేసిన ఆ గోథిక్ భవనం తరువాతి కాలంలో రైల్వేల అధిపతి జే గూల్డ్ చేతికి వచ్చింది. బాట ఆ పచ్చిక మైదానాల మధ్య నుంచే పోతుంది. బాట మీద నడవడానికి టికెట్టు అక్కరలేదు, భవనం చూడాలంటే వేరే ఏర్పాటు ఉంది. బృందంగా వచ్చినప్పుడు లోపలికి వెళ్లాలన్న ఆలోచన మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం, గంటన్నర అక్కడే పోతే ఇర్వింగ్టన్‌లో ఎదురుచూసేవారు విసిగిపోతారు.

దారి పొడవునా, సుమారు మైలుకొకటి చొప్పున, మనిషి కంటే బాగా ఎత్తైన గుండ్రటి రాతి స్తంభాలు కనబడతాయి. అవి వెంటిలేటర్లు. లోపల డొల్లగా ఉండి సొరంగంలోకి గాలి ఆడనిచ్చేవి. నీరు నిలవ వాసన కొట్టకుండా ఉండడానికీ, లోపల గాలి ఒత్తిడి సమంగా ఉండడానికీ వీటిని కట్టారు. బృందాన్ని నడిపించేవారికి ఇవి దొరికిన వరం. ముందు నడిచేవారు ప్రతి వెంటిలేటర్ దగ్గరా ఆగి, చివరి మనిషి వచ్చేదాకా కదలకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే, ఇరవై మంది ఉన్నా ఎవరూ తప్పిపోరు. చివర నడిచే బాధ్యత దారి తెలిసినవారికి, ఫోనులో ఛార్జింగ్ ఉన్నవారికి అప్పగించండి. పిల్లలు తమంతట తామే తరువాతి స్తంభం కోసం వెతుకుతూ నడుస్తారు కనుక వాళ్లను ప్రత్యేకంగా బతిమాలవలసిన పనుండదు.

ఇర్వింగ్టన్ ఊరి చుట్టుపక్కల మీరు కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఇక్కడే మేడమ్ సి. జె. వాకర్ 1918లో పూర్తి చేయించుకున్న విల్లా లెవారో అనే భవనం ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డ తల్లిదండ్రులకు పుట్టి, బట్టలుతికి బతుకు మొదలుపెట్టి, నల్లజాతి స్త్రీల కేశసంరక్షణ వస్తువుల వ్యాపారంతో ధనవంతురాలైన ఆమె, కోటీశ్వరుల ఎస్టేట్ల వరుసలో తన ఇల్లు నిలబడాలని పట్టుబట్టి కట్టించుకుంది. భవనానికి రూపమిచ్చిన వెర్ట్‌నర్ టాండీ కూడా నల్లజాతి వాస్తుశిల్పే. మెయిన్ స్ట్రీట్ దాటి దక్షిణానికి కొద్దిగా నడిస్తే, గుమ్మటంతో ఎనిమిది పలకల ఇల్లు ఒకటి బాట పక్కనే చెట్ల మధ్య కనిపిస్తుంది. అది ప్రైవేటు ఇల్లు, కంచె బయటి నుంచే చూడవచ్చు. ఈ భాగంలోనే జ్యువెల్స్ బ్రూక్ అనే వాగు లోయ మీదుగా బాట ఎత్తైన కట్ట మీద సాగుతుంది. రెండు వైపులా చెట్ల కొమ్మలు మీ కంటి ఎత్తులో ఉంటాయి, కిందికి చూస్తేనే ఆ కట్ట ఎంత ఎత్తో తెలుస్తుంది. వాలు మారకూడదన్న ఒక్క పట్టుదల కోసం యంత్రాలు లేని రోజుల్లో మనుషులు, పశువులు కలిసి ఇంత మట్టినీ రాతినీ మోశారు. ఆ కట్ట అంచును చూపించకుండా మీ వాళ్లను దాటనివ్వకండి, పిల్లల చెయ్యి మాత్రం వదలకండి.

భోజనానికి డాబ్స్ ఫెర్రీలో కీపర్స్ హౌస్ సరైన చోటు. సొరంగాన్ని కనిపెట్టి ఉండే ఉద్యోగి కుటుంబంతో కాపురమున్న ఆ ఇల్లు 1857 నాటిది. ఇప్పుడు బాగుచేసి చిన్న ప్రదర్శనశాలగా మార్చారు. సాధారణంగా వారాంతాల్లోనే తెరుస్తారు కనుక వేళలు ముందుగా చూసుకుని నడకను దానికి తగ్గట్టు సర్దుకోండి. క్రోటన్ మెయిడ్ అనే చిన్న పడవలో నలుగురు మనుషులు మొదటి నీటితో పాటు ఆ సొరంగంలో ప్రయాణించిన కథ పిల్లలకు చెప్పడానికి ఇదే సరైన చోటు. తినడానికి పులిహోర, చపాతీలు వంటి చేత్తో తేలికగా తినగలిగేవి తెచ్చుకోవాలి. వేసవి ఎండలో నాలుగు గంటలు సంచిలో ఉండే దద్దోజనం గురించి మాత్రం ఆలోచించుకోండి, చల్లటి సంచి లేకపోతే వద్దు. బాట మీద చెత్తబుట్టలు ఉంటాయని అనుకోవద్దు, ప్రతి కాగితం పళ్లెం, ప్రతి సీసా తిరిగి మీ సంచిలోకే వెళ్లాలి. మనిషికి కనీసం లీటరున్నర నీళ్లు అవసరం. మరుగుదొడ్డి అవసరాలు స్టేషనులోనో ఊళ్లలోని కాఫీ దుకాణాల్లోనో తీర్చుకోవాలి, కాబట్టి ప్రతి ఊరి దగ్గరా అడిగి మరీ ఆపండి, పెద్దవాళ్లు మొహమాటపడి తమంతట తాము చెప్పరు.

ఓపిక అయిపోయినవారు డాబ్స్ ఫెర్రీలో రైలు ఎక్కవచ్చు. వారిని ఒంటరిగా పంపకుండా, దారి తెలిసినవారు ఒకరు తోడు వెళ్లేటట్టు ముందే అనుకోండి. సాగేవారికి హేస్టింగ్స్ వైపు మళ్లీ నది తోడు వస్తుంది, చెట్లు విడిపడిన చోట్ల అవతలి ఒడ్డున న్యూజెర్సీ పాలిసేడ్స్ కొండ గోడలు నిటారుగా కనబడతాయి. ఆకులు రాలిన తరువాత, నవంబరులో, ఈ దృశ్యం ఇంకా బాగా తెరుచుకుంటుంది. అక్టోబరు మూడో వారం నుంచి ఆకుల రంగుల కోసం వచ్చే జనం ఎక్కువ, రైళ్లు కూడా నిండుగా ఉంటాయి. హేస్టింగ్స్‌లో అయిదు రోడ్లు కలిసే కూడలిని బాట దాటుతుంది. ఈ నడక మొత్తంలో వాహనాల విషయంలో గట్టిగా జాగ్రత్త పడవలసిన చోటు అదే. అందరినీ ఒకచోట చేర్చి, సిగ్నల్ పడ్డాకే దాటించండి.

హేస్టింగ్స్ తరువాతి భాగం బలం మిగిలినవారికే. గ్రేస్టోన్ స్టేషనుకు దిగే దారి ఏటవాలుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవారికి అది ఎక్కుడు కంటే కష్టం. అక్కడ దిగకుండా ఇంకొంత దూరం ముందుకు వెళ్తే అంటర్‌మైర్ తోటల కింది భాగం బాటకు ఆనుకుని వస్తుంది, శిథిలమైన రాతి ద్వారం, దానికి కాపలాగా జంతువుల శిల్పాలు కనిపిస్తాయి. పైనున్న గోడల తోటను భారతీయ, పారశీక ఉద్యానాల పద్ధతిలో నీటి కాలువలతో నాలుగు భాగాలుగా తీర్చారు. అది చూడాలనుకుంటే ఆ ఒక్కదానికే ఇంకొక రోజు పెట్టుకోండి.

మరికొన్ని జాగ్రత్తలు

వెస్ట్‌చెస్టర్ ప్రాంతంలో గడ్డిలో పిడుదులు ఉంటాయి, వాటి కాటు వల్ల లైమ్ వ్యాధి వస్తుంది. వేసవిలో కూడా పొడుగు ప్యాంట్లు వేసుకుని, అంచులను సాక్సులలోకి దోపుకుని, బాట మధ్యలోనే నడవాలి. చీరలో వచ్చే అమ్మలకూ అత్తయ్యలకూ ఆ రోజుకు సల్వారు, బూట్లు సౌకర్యంగా ఉంటాయని నచ్చజెప్పండి. ఇంటికి వెళ్లాక మోకాళ్ల వెనుక, చంకల్లో, జుట్టు మొదళ్లలో వెతికి చూసుకోవాలి, పిల్లలకు మీరే చూడాలి. మూడేసి ఆకులుగా పెరిగే పాయిజన్ ఐవీని ముట్టుకుంటే దద్దుర్లు లేస్తాయి కనుక తెలియని ఆకును ఎవరినీ తుంచనివ్వకండి. వాన పడిన మరునాడు బాట జారుతుంది, అటువంటప్పుడు ఒక వారం వాయిదా వేయడానికి సందేహించవద్దు. సైకిళ్లు కూడా ఇదే బాట మీద వస్తాయి, నలుగురైదుగురు పక్కపక్కనే నడవకుండా ఒక పక్కకు ఒదిగి సాగాలి. బాట పక్క పెరళ్లలో చాలావరకు జనం కాపురముంటున్న ఇళ్లు, అక్కడ పాటలు పెట్టడం, పూలు కోయడం మర్యాద కాదు.

ఈ సొరంగం నగరానికి 1955 వరకూ నీళ్లు ఇచ్చింది. 1968లో న్యూయార్క్ రాష్ట్రం ఇక్కడి భాగాన్ని కొని పార్కుగా మార్చింది. పార్కు సూర్యాస్తమయానికి మూసేస్తారు, నవంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది కనుక చలికాలంలో హేస్టింగ్స్‌తోనే ఆపాలి. ఇరవై ముప్పై మందికి మించి వస్తుంటే పార్కు కార్యాలయానికి ముందుగా తెలియజేయండి. ఫ్రెండ్స్ ఆఫ్ ది ఓల్డ్ క్రోటన్ అక్విడక్ట్ అనే స్వచ్ఛంద సంఘం వేసిన పటం ఒకటి వెంట ఉంచుకుంటే ఫోను సిగ్నలుతో పనుండదు.

ఈ నడక నచ్చినవారు రెండోసారి ఉత్తర భాగం చేయవచ్చు. క్రోటన్ గార్జ్‌లో 1906లో పూర్తయిన కొత్త ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి, సొరంగం ఒక వాగును పెద్ద రాతి తోరణం మీద దాటే ఆసినింగ్ దాకా రావాలి. 1842 నాటి పాత ఆనకట్ట ఆ కొత్త జలాశయం నీళ్లలో మునిగి ఉంది. క్రోటన్-హార్మన్ స్టేషను నుంచి ఆనకట్టకు నడక దూరం, ఎక్కుడు రెండూ ఎక్కువే కనుక స్టేషనులో దిగే ముందే టాక్సీలు మాట్లాడుకోండి, ఆసినింగ్‌లో మాత్రం స్టేషనుకు దిగిపోయి రైలు ఎక్కవచ్చు.